ఎత్తి కూర్చోబెట్టే చేతికి ఏ బీమా వుంది?

ఉదయం ఆరు గంటలు. సికింద్రాబాద్‌లోని అడ్డగుట్ట గల్లీల నుంచి ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురుగా కలిసి మారేడ్‌పల్లి వైపు నడుస్తుంటారు. చేతిలో టిఫిన్ డబ్బా, భుజాన సంచి. వారిలో ఎక్కువమంది వంటపనికి, గిన్నెలు తోమే పనికి పోతారు. కొందరు మాత్రం వేరే పనికి పోతారు. మంచాన పడిన ముసలివారికి ఒళ్ళు తుడవడం, అన్నం తినిపించడం, గుడ్డలు మార్చడం, ఎత్తి కూర్చోబెట్టడం ఆ పని. మన పల్లెల్లో దానికి ప్రత్యేకంగా పేరు లేదు. ఇంటి ఆడవాళ్ళు కూలి లేకుండా చేసే పని కనుక ఎవరూ పేరు పెట్టలేదు. పట్నంలో మాత్రం దానికి "కేర్‌టేకర్ డ్యూటీ" అని పేరు. 12 గంటల డ్యూటీ, 24 గంటల డ్యూటీ అని లెక్క. ఏజెన్సీ తీసుకునేది ఒకటి, పని చేసిన మనిషి చేతిలో పడేది మరొకటి.

అలాంటి పనిచేసే ఒకామె నారాయణపేట వైపు పల్లెనుంచి వచ్చింది. నాట్లు, కలుపు, పత్తి తీత చేసి బతికిన మనిషి. తన పేరు రాయవద్దన్నది. ఆమె చూసుకునే పెద్దావిడ వెస్ట్ మారేడ్‌పల్లిలో వుంటారు. హైస్కూలు టీచరుగా రిటైరయ్యారు, వయసు 79. కొడుకు అమెరికాలో. గత ఏడాది పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. ఏళ్ళ తరబడి ప్రీమియం కట్టిన పాలసీ వుంది కాబట్టి ఆసుపత్రి బిల్లులో ఎక్కువ భాగం కంపెనీయే కట్టింది. ఇంటికి వచ్చాక అసలు ఖర్చు మొదలయింది. పగలొక మనిషి, రాత్రొక మనిషి, డైపర్లు, గాలి పరుపు, కాళ్ళూ చేతులూ ఆడించే ఫిజియోథెరపీ. కొడుకు కంపెనీకి రాశాడు. ఇవి పాలసీలో రావని జవాబు వచ్చింది.

ఇక ఈ కేర్‌టేకర్ సొంత తల్లి సంగతి. ఆమె ఊళ్ళోనే వుంది. వానాకాలంలో వాకిట్లో జారిపడి తుంటి ఎముక విరిగింది. గాంధీ ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ మీద ఆపరేషన్ అయింది. ఒక్క రూపాయి అడగలేదు. ఇంటికి తెచ్చి నులక మంచం మీద పడుకోబెట్టారు. పొద్దున్నే కోడలు కూలికి పోతుంది, పోకపోతే పొయ్యి వెలగదు. మధ్యాహ్నం గొంతు తడిపేవాళ్ళు లేరు.

"ఈడ అమ్మగారిని రెండు గంటలకోసారి పక్కకు మళ్ళిస్త అన్నా, ఒంటికి పుండ్లు పడకుండ. ఊర్ల మా అమ్మకు నడుముకు పుండ్లు పడ్డయి. ఆమెను మళ్ళిద్దామంటె నేను ఆడ లేకపోతి. నేను ఆడికి పోతె పైసలెక్కడివి?" అన్నది ఆమె.

ఒక ముసలావిడకు డబ్బు పెట్టి కొన్న పాలసీ వుంది. ఇంకొక ముసలావిడకు సర్కారు ఇచ్చిన కార్డు వుంది. రెండూ ఆసుపత్రి గడప దాకా పనిచేశాయి. గడప దాటాక రెండూ ఆగిపోయాయి. తేడా ఒక్కటే. మొదటి ఇంట్లో మనిషిని పెట్టుకునే స్తోమత వుంది, రెండో ఇంట్లో లేదు. ముసలితనానికి ఏ బీమా మంచిదని మన కూలీ సోదరులు, పట్నంలో పనిచేసే వారి పిల్లలు తరచుగా అడుగుతున్నారు. ఈ రెండు ఇళ్ళనూ ఎదురుగా పెట్టుకుని జవాబు వెతకాలి.

ఆసుపత్రి గడప దాకానే

మన దేశంలో సాధారణ బీమా కంపెనీలను 1973 జనవరి 1 నుంచి జాతీయం చేశారు. ఆ ప్రభుత్వ కంపెనీలే 1986లో మెడిక్లెయిమ్ పేరుతో ఆరోగ్య బీమాను తెచ్చాయి. 2000లో ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరిచారు. ఎవరి పాలసీ అయినా పునాది ఒక్కటే: మనిషి ఆసుపత్రిలో చేరాలి, వైద్యం జరగాలి, బిల్లు రావాలి. అప్పుడే డబ్బు.

పాలసీ కాగితాల్లో "మినహాయింపులు" అని ఒక భాగం వుంటుంది. ఏజెంటు ఆ పేజీ చదివి వినిపించడు. అన్ని కంపెనీలకూ ఒకే మాదిరి వుండేటట్టు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డిఎఐ ఈ మినహాయింపులకు నంబర్లు ఇచ్చింది. వాటిలో 05వ నంబరు మినహాయింపును ప్రతి ముసలివారి ఇంట్లోనూ చదవాలి. దాని సారాంశం ఇది: వైద్యం కోసం కాక కేవలం విశ్రాంతి కోసం చేరితే డబ్బు రాదు. స్నానం చేయించడానికి, బట్టలు వేయడానికి, అటూ ఇటూ నడిపించడానికి మనిషిని పెట్టుకుంటే రాదు. ఆ సాయం ఇంట్లో జరిగినా, నర్సింగ్ హోమ్‌లో జరిగినా, నర్సు చేసినా, మామూలు మనిషి చేసినా రాదు.

అంటే మారేడ్‌పల్లిలో ఆ పల్లె మనిషి రోజంతా చేసే పని మొత్తం ఆ 05వ నంబరు కిందికే వస్తుంది. గుండెకు స్టెంటు వేస్తే బీమా వుంది. పడిపోయిన మనిషిని ఎత్తి కూర్చోబెడితే బీమా లేదు. డిశ్చార్జి తర్వాత కొన్ని వారాలపాటు మందులు, పరీక్షల ఖర్చు మాత్రం చాలా పాలసీల్లో ఇస్తారు. అది కూడా బిల్లులు దాచుకున్నవారికే.

ముందు కార్డు, తర్వాతే పాలసీ

కాబట్టి కూలీ కుటుంబం మొదట చేయవలసింది పాలసీ కొనడం కాదు. ప్రజల డబ్బుతో నడిచే పథకాల్లో మనకు హక్కుగా వున్నవి చేతిలో వున్నాయో లేదో చూసుకోవాలి.

మొదటిది ఆరోగ్యశ్రీ. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇది మొదలయింది. మూడూ వలస జిల్లాలే కావడం గమనించాలి. మొదట బీమా కంపెనీ ద్వారా నడిచింది, తర్వాత ప్రభుత్వ ట్రస్టు ద్వారా. తెలంగాణలో 2023 డిసెంబరు 9న కుటుంబానికి ఏడాదికి వుండే పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇదే పథకాన్ని 2024లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా పేరు మార్చారు. రేషన్ కార్డులో ముసలివారి పేరు వుందో లేదో ముందు చూడండి. కొడుకులు వేరుపడి కార్డులు విడగొట్టుకున్నప్పుడు తల్లిదండ్రుల పేరు ఏ కార్డులోనూ లేకుండా పోయిన ఇళ్ళున్నాయి.

రెండోది 70 ఏళ్ళు నిండినవారికి ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు. 2018లో మొదలయిన ఆయుష్మాన్ భారత్ పథకాన్ని కేంద్రం 2024 అక్టోబరు 29న 70 ఏళ్ళు నిండిన అందరికీ, ఆదాయంతో సంబంధం లేకుండా విస్తరించింది. ఏడాదికి 5 లక్షల వరకు ఆసుపత్రి ఖర్చు. ఇప్పటికే ఆయుష్మాన్ కింద వున్న కుటుంబమైతే 70 దాటినవారికి ఈ 5 లక్షలు విడిగా వస్తాయి, పిల్లల వాటాలోంచి తీయరు. పాత జబ్బులకు ఆగే కాలం లేదు. ఆధార్ కార్డుతో నమోదు చేస్తారు. వివరాలకు 14555 నంబరు.

కూలీ జనానికి చిక్కంతా ఇక్కడే వచ్చింది. ఆధార్ తీసినప్పుడు బడి మెట్టెక్కని ముసలివారి వయసును చూపుల అంచనాతో రాశారు. పుట్టిన తేదీ ఎందరికో జనవరి 1 అని వుంటుంది. పైన చెప్పిన నారాయణపేట తల్లికి మనవరాలి పెళ్ళయి పిల్లలున్నారు. ఆధార్‌లో మాత్రం 66 ఏళ్ళే. "నా ఈడుదానికి కార్డొచ్చె, నాకు రాకపాయె" అని ఆమె కూతురితో అన్నదట. పుట్టిన తేదీని సాధారణంగా ఒక్కసారే మార్చుకోనిస్తారు, దానికి రుజువు కాగితం అడుగుతారు. ముసలితనంలో ఏ కాగితమూ లేని మనిషి ఎక్కడనుంచి తెస్తుంది? ఒక్కొక్కరు తిరిగితే కాని పని ఇది. ఊరంతా కలిసి అడగవలసిన పని.

మూడోది ఇఎస్ఐ. పల్లెనుంచి వచ్చి ఫ్యాక్టరీలోనో, షాపులోనో, సెక్యూరిటీ గార్డుగానో పనిచేస్తున్న మన పిల్లలకు జీతంలోంచి ఇఎస్ఐ కోస్తున్నారేమో అడగండి. నెలకు 21,000 రూపాయల లోపు జీతానికి ఇది వర్తిస్తుంది. ఆ కార్మికుడి మీద ఆధారపడిన తల్లిదండ్రులను కూడా కుటుంబంగా చేర్చవచ్చు. పెళ్ళాం పిల్లల పేర్లు రాసి, ఊళ్ళో వున్న అమ్మానాన్నల పేర్లు రాయకుండా వదిలేసినవారు చాలామంది. కనీసం ఐదేళ్ళు ఇఎస్ఐలో వుండి వయసు మీద రిటైరయిన కార్మికుడు ఏడాదికి 120 రూపాయలు కడితే భార్యాభర్తలిద్దరికీ వైద్యం కొనసాగుతుంది. మారేడ్‌పల్లి వారికి సనత్‌నగర్ ఇఎస్ఐ ఆసుపత్రి దూరం కాదు. పక్కనే లాలాగూడలో రైల్వే ఆసుపత్రి వుంది. రిటైరయిన రైల్వే కార్మికులు పోరాడి సంపాదించుకున్న వైద్య హక్కుతో అక్కడికి పోతారు. ఆ పక్కింట్లోనే గిన్నెలు తోమే మనిషికి ఏ శాఖ ఆసుపత్రీ లేదు.

కార్డు వుంటే అంతా సాఫీగా జరుగుతుందని చెప్పడం లేదు. 2025లో తెలంగాణలో బకాయిలు అందలేదని ప్రైవేటు ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపిన రోజులున్నాయి. కాబట్టి ఆపదలో పోవలసిన ప్రభుత్వాసుపత్రి ఏదో ముందే తెలిసి వుండాలి. ఆరోగ్యశ్రీ కార్డు వుండగా అడ్వాన్సు అడిగితే 104కు ఫోన్ చేయాలి. రసీదు లేకుండా పైసా ఇవ్వకూడదు.

పాలసీ కొనవలసి వస్తే

కొంత చేయి ఆడే కుటుంబాలు, నెల జీతం వచ్చే పిల్లలు తల్లిదండ్రులకు పాలసీ కొంటామంటే తప్పు లేదు. వడ్డీకి తెచ్చి మాత్రం ప్రీమియం కట్టవద్దు. ఇద్దరు ముసలివారికి కట్టే ఏడాది ప్రీమియం కూలీ కుటుంబానికి నెలల తరబడి కూలి అవుతుంది. ఒక్క ఏడు తప్పితే గడిచిన ఏళ్ళ కాలం కూడా పోవచ్చు. కట్టగలిగినవారు ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకుని ఏజెంటును అడగాలి.

ఒకటి, పాత జబ్బుకు ఎన్నాళ్ళు ఆగాలి? బీపీ, షుగర్, గుండె జబ్బు ముందే వుంటే కొంతకాలం దానికి డబ్బు రాదు. 2024 ఏప్రిల్ నుంచి ఈ కాలం మూడేళ్ళు దాటకూడదు. 65 దాటినవారికి కొత్త పాలసీ అమ్మబోమనే అడ్డు కూడా అప్పటినుంచే తొలగింది. అమ్మాలని నియమం వచ్చింది గాని, చవకగా అమ్మాలని రాలేదు.

రెండు, బిల్లులో మన వాటా ఎంత? దీన్ని కో-పే అంటారు. ముసలివారి పాలసీల్లో ఇది తరచుగా వుంటుంది. 20 శాతం కో-పే వున్న పాలసీలో లక్షన్నర బిల్లయితే 30,000 మన జేబులోంచే పోతుంది.

మూడు, గది అద్దెకు పరిమితి వుందా? రోజుకు 3,000 పరిమితి వున్న మనిషి 6,000 గదిలో చేరాడనుకోండి. కోత పడేది గది అద్దెలో ఒక్కదానిలోనే కాదు. డాక్టరు ఫీజు, ఆపరేషన్ ఖర్చు వంటి వాటిలో కూడా అదే లెక్కన సగం కోస్తారు. ఆ ఖర్చు 80,000 అయితే 40,000 మన నెత్తిన పడుతుంది. పెద్ద గది ఖాళీగా వుందని ఆసుపత్రివారు అంటే ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

నాలుగు, కంటి శుక్లాలు, మోకీలు మార్పిడి వంటి వాటికి విడిగా పరిమితి వుందా? ముసలితనంలో వచ్చేవి అవే కదా.

ఐదు, మనకు దగ్గరలో నగదు కట్టకుండా చేర్చుకునే ఆసుపత్రి ఏది? హైదరాబాద్‌లో వంద ఆసుపత్రులు వున్నా నారాయణపేటలో వుండే తల్లికి ఏం లాభం?

ఇంకొక సంగతి. పాలసీ ఫారం ఏజెంటు నింపుతాడు, సంతకం మనం పెడతాం. "షుగర్ వుందని రాస్తే ప్రీమియం పెరుగుతుంది, వద్దులెండి" అని అతను అంటే ఒప్పుకోకూడదు. రేపు బిల్లు వచ్చినప్పుడు దాచారని కంపెనీ ఎగ్గొడుతుంది. అప్పుడు ఏజెంటు కనిపించడు. పాలసీ అందిన తర్వాత 30 రోజుల్లోగా నచ్చకపోతే వాపసు చేసే హక్కు వుంది. ఆ నెలలో తెలుగు, ఇంగ్లీషు చదవగలిగినవారితో అంతా చదివించుకోవాలి. వ్యక్తులు కొనే ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి తీసివేశారు. 60 దాటినవారి ప్రీమియంను ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే ముందుగా తనను సంప్రదించాలని ఐఆర్‌డిఎఐ 2025 జనవరిలో ఆదేశించింది.

కంపెనీ డబ్బు ఎగ్గొడితే ఊరుకోవద్దు. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. తర్వాత ఐఆర్‌డిఎఐ నంబరు 155255కు. అప్పటికీ కాకపోతే హైదరాబాద్‌లోనే వున్న బీమా అంబుడ్స్‌మన్‌కు, కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోగా. లాయరు అవసరం లేదు, ఫీజు లేదు.

మంచాన పడ్డాక ఎవరు?

కార్డు తెచ్చుకున్నాం, పాలసీ చూసి కొన్నాం. మళ్ళీ మొదటి ప్రశ్న దగ్గరికే వచ్చాం. ఆసుపత్రినుంచి తెచ్చిన మనిషిని రెండు గంటలకోసారి పక్కకు మళ్ళించేదెవరు? ఆ మనిషి కూలి ఎవరిస్తారు?

ఈ ప్రశ్నకు జవాబు వెతికిన దేశాలున్నాయి. జర్మనీలో 1995 నుంచి సంరక్షణ బీమా తప్పనిసరి. కార్మికుడూ యజమానీ ఇద్దరూ చందా కడతారు. మంచాన పడినవారిని ఇంటివారే చూసుకుంటే వారికి ఇవ్వడానికి నెలనెలా నగదు వస్తుంది, చూసుకునే మనిషి పెన్షన్ ఖాతాలో చందా కూడా జమ అవుతుంది. జపాన్‌లో 2000 ఏప్రిల్ నుంచి 40 ఏళ్ళు దాటిన ప్రతివారూ ఇందుకు చందా కడతారు. ఖర్చులో సగం ప్రభుత్వాల పన్నుల సొమ్ము, సగం చందాలు. 65 దాటినవారికి ఇంటికి వచ్చి స్నానం చేయించే మనిషి దగ్గరనుంచి ఏర్పాటు వుంటుంది. మన దేశంలో అలాంటి సామాజిక బీమా లేదు.

ఇక్కడ వున్నవి తుంపులు తుంపులుగా వున్నాయి. వృద్ధాప్య పెన్షన్‌కు కేంద్రం వాటా 80 ఏళ్ళ లోపువారికి నెలకు 200 రూపాయలు. మిగిలిందంతా రాష్ట్రాలు వేస్తున్నాయి. తెలంగాణలో 2014లో 1,000గా మొదలయిన ఆసరా పెన్షన్ 2019లో 2,016 అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వృద్ధాప్య పెన్షన్ 4,000. అక్కడ పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమయినవారికి నెలకు 15,000 నిర్ణయించారు. మంచాన పడిన మనిషికి ఖర్చు వేరని ఒక ప్రభుత్వం ఒప్పుకున్నట్లే కదా. అక్కడ సాధ్యమయింది తెలంగాణలో ఎందుకు సాధ్యం కాదని నారాయణపేట తల్లి తరఫున అడగవచ్చు.

కేరళ 2008లోనే పాలియేటివ్ వైద్యానికి విధానం చేసి పంచాయతీలకు బాధ్యత పెట్టింది. నర్సు ఇంటికి వచ్చి పుండ్లు కడుగుతుంది, ఇంటివారికి నేర్పుతుంది. "ఆశ్వాసకిరణం" పథకం కింద, మంచాన పడినవారిని చూసుకునే ఇంటి మనిషికి నెలకు 600 రూపాయలు నిర్ణయించారు. మొత్తం చిన్నదే. అయినా ఆడవాళ్ళు ఇంట్లో చేసేది కూడా పనేనని సర్కారు పుస్తకంలోకి ఎక్కింది. తెలంగాణలో కూడా జిల్లాల్లో పాలియేటివ్ కేంద్రాలు, "ఆలన" పేరుతో ఇంటికి వచ్చే బండ్లు ప్రారంభించారు. మీ జిల్లా ఆసుపత్రిలో అడగండి. పుండ్లు పడిన మనిషి వున్న ఇంటి చిరునామా రాయించండి.

పిల్లలకు స్తోమత వుండీ చూడకపోతే 2007 తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టవచ్చు. వృద్ధుల సహాయానికి 14567 నంబరు వుంది. కాని కూలీ ఇళ్ళల్లో ఎక్కువగా జరిగేది పిల్లలు వదిలేయడం కాదు. పిల్లలు కూలి వదిలేస్తే పస్తులుండవలసి రావడం. ఆ కోడలి మీద కేసు పెడితే ఏం తేలుతుంది?

సంఘాలు చేయవలసిన పని

ఇందులో రేపే మొదలుపెట్టగలిగిన పనులు వున్నాయి. ప్రతి గ్రామశాఖ 60 దాటిన కూలీల జాబితా రాయాలి. పేరుకు ఎదురుగా రేషన్ కార్డులో వున్నారా, పెన్షన్ వస్తోందా, ఆధార్‌లో వయసెంత, నిజంగా ఎంత అని నాలుగు గళ్ళు పెట్టాలి. వయసు తప్పు వున్నవారందరినీ ఒకే రోజు మండల కార్యాలయానికి తీసుకుపోవాలి. పట్నంలో పనిచేసే పిల్లల ఇఎస్ఐలో తల్లిదండ్రుల పేర్లు చేర్పించాలి. మంచాన పడినవారెందరో విడిగా లెక్క తీయాలి. లెక్క చేతిలో వుంటే, ఆంధ్రలో మాదిరి ప్రత్యేక పెన్షన్, కేరళ మాదిరి ఇంటికొచ్చే నర్సు కావాలని అడగడానికి బలం వస్తుంది. పట్నంలో కేర్‌టేకర్లుగా పనిచేసే ఆడవాళ్ళకు కనీస వేతనం, వారానికొక సెలవు, ఇఎస్ఐ కావాలని అడగడం కూడా ఇందులో భాగమే. ముసలివారి సంరక్షణ, దాన్ని చేసే మనిషి బతుకు వేరువేరు కావు.

మేము మాట్లాడి లేచేసరికి సాయంత్రం ఆరు దాటింది. రాత్రి డ్యూటీ మనిషి వచ్చింది. పెద్దావిడ మాట సరిగా రాక ఎడమ చేత్తో ఆమె కొంగు పట్టుకున్నారు. "రేపొస్తనమ్మా, ఎటు పోత?" అని ఆమె నెమ్మదిగా విడిపించుకున్నది. గేటు దాటాక మాతో అన్నది:

"పండుగకు రెండు రోజులు సెలవడిగిన. పోయి మా అమ్మకు తానం జేయిస్త. ఆ రెండు రోజుల కూలి కోస్తరు. కోస్తె కోయనీ."